వేరావల్‌లో కోసిన వల

మా చిన్నాన్న చాలా ఏళ్లు వేరావల్ వెళ్లాడు, గుజరాత్‌లో బోటు మీద కలాసీగా. శ్రీకాకుళం తీరంలో ఇది కొత్తేం కాదు, ఆగస్టులో రైలెక్కితే మళ్లీ ఎండాకాలానికే ఇంటి ముఖం చూసేది. ఆయన చెప్పిన కబుర్లలో ఒకటి నాకింకా గుర్తుంది. ఓరోజు వలలో ఇంచుమించు బోటంత చేప పడింది, ఒళ్లంతా తెల్ల చుక్కలు. తండేల్, అంటే బోటు నడిపించే పెద్ద, మారు మాట్లాడకుండా కత్తి తీసి వల కోసేశాడట. "అంత కరీదైన వల, కళ్లముందే ముక్కలైపోయిందమ్మా" అన్నాడు చిన్నాన్న.

అది వేల్ షార్క్. పేరులో తిమింగలం ఉన్నా అది సొరే, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, నోరు తెరిచి నీళ్లలోని సన్న జీవుల్ని వడపోసుకుని తింటుంది తప్ప మనిషి జోలికి రాదు. అదే గుజరాత్‌లో ఒకప్పుడు కొక్కేలకు పీపాలు కట్టి మరీ దాన్ని వేటాడేవాళ్లు, కాలేయం నూనె పడవలకు పూసేవాళ్లు. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే పులితో సమానంగా చేర్చారు. కానీ మనసులు మారింది చట్టంతోనే అనుకోను. 2004లో రామకథ చెప్పే మొరారి బాపు దాన్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. పురిటికొచ్చిన పిల్ల మీద ఎవరు చెయ్యెత్తుతారు? కోసిన వలకి పరిహారం కూడా ఇవ్వడం మొదలయ్యాక అక్కడ వందల వేల్ షార్క్‌లు ప్రాణాలతో సముద్రంలోకి వెళ్లాయి.

మన దగ్గరా జరిగింది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒకటి చిక్కుకుంటే మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు.

తాబేలు పిల్లల్ని వదిలే రోజు మన ఊళ్లలో పిల్లలంతా ఒడ్డుకి పరిగెడతారు. సొర దగ్గరికొచ్చేసరికి మనకది కూరే. బాలింతగా నేనూ పాలసొర తిన్నదాన్నే, తినొద్దని ఎవరికీ చెప్పలేను. కానీ సొర కవళ్ల లాంటి చిన్న చేప కాదు, ఈడుకి రావడానికే ఏళ్లు పడుతుంది, కనేవి కొద్ది పిల్లలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం మంచిదే, అది ముగిశాక ట్రాలర్లు, అంటే వల ఈడ్చుకుపోయే మర బోట్లు, తాము దాటకూడని 8 కిలోమీటర్ల గీత దాటి ఒడ్డుకొచ్చి అడుగంతా ఊడ్చేస్తే ఆ రెండు నెలలు మన జాలర్లు పస్తులున్నది దేనికి? నాగావళి, వంశధార సముద్రంలో కలిసే మొగల దగ్గర పిల్ల చేపలు పెరిగే చోట్లు చెత్తతో పూడిపోతే ఇక ఏ చట్టమైనా ఏం కాపాడుతుంది?

చిన్నాన్న ఇప్పుడు వేరావల్ మానేసి, అప్పు చేసి వల కొనుక్కుని ఇక్కడే వేటకెళ్తున్నాడు. మొన్న అడిగాను, ఆ చుక్కల చేప నీ వలలో పడితే కోస్తావా అని. చాలాసేపు మాట్లాడలేదు.

"అక్కడ వల సేటుదమ్మా. ఇది నాది. కోస్తాను, కోయకుండా ఉండలేను. కానీ మర్నాడు ఏటి పట్టుకుని యాటకెళ్లాలి?"