అద్దెకు సాయం దొరకదు, మీటరు దగ్గర దొరుకుతుంది

హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలో ఉండి, నెలాఖరుకు చేతిలో డబ్బు చాలని కుటుంబాలవారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. అద్దె కట్టుకోవడానికి ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా అని. ఇవ్వదు. సాధారణ కుటుంబానికి నెలనెలా ఇంటి అద్దె చెల్లించే పథకమేదీ తెలంగాణలో లేదు. ఆ సంగతి ముందుగానే తెలిస్తే ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది, దరఖాస్తు పెట్టిస్తానని డబ్బు అడిగే మధ్యవర్తి చేతిలో మోసపోయే ప్రమాదమూ తప్పుతుంది. అయితే అద్దె చుట్టూ ఉండే ఖర్చులు, అంటే కరెంటు, నీళ్లు, గ్యాస్, బియ్యం, వీటిలో ప్రతిదానికీ సాయం ఉంది. ఆ నాలుగూ కలిపి లెక్క వేసుకుంటే, చిన్న పోర్షన్‌లో ఉండే కుటుంబానికి అద్దెలో చెప్పుకోదగ్గ భాగమే మిగులుతుంది. చిక్కేమిటంటే, కరెంటు, నీటి సాయం మీటరు నంబరు మీదుగా రావాలి, ఆ మీటరేమో ఇంటి ఓనరు పేరున ఉంటుంది. అందుకే ఇల్లు చూసుకునేటప్పుడే మీటరు సంగతి తేల్చుకోవాలని నేను పదే పదే చెబుతుంటాను.

ముందుగా కరెంటు. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల ఇళ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు ఇస్తున్నారు. దీనికి మూడు కావాలి: ఆహార భద్రత కార్డు, అంటే మనం ఇప్పటికీ తెల్ల కార్డు అని పిలుచుకునేది, ఆధార్, ఇంటి కరెంటు సర్వీసు నంబరు. అద్దెకు ఉన్నవారికి ఈ పథకం వర్తించదని చాలామంది ఇంటి యజమానులు చెబుతారు, అద్దెకుండేవారు నమ్ముతారు కూడా. అది నిజం కాదు. మీటరు యజమాని పేరున ఉన్నా, ఆ ఇంట్లో నివసించే కుటుంబం రేషన్ కార్డును ఆ సర్వీసు నంబరుతో జత చేస్తే చాలు, అద్దెదారు కూడా అర్హుడే. ఒక కార్డుకు ఒకే మీటరు. ఆ మీటరు మీద పాత బకాయి ఉంటే అది మాఫీ కాదు, కట్టవలసిందే. కనుక ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఎంత బాకీ పెట్టి పోయారో చేరకముందే చూసుకోవడం మేలు.

ఈ పథకంలో నాకు నచ్చనిది 200 దగ్గర గీసిన గీత. 200 యూనిట్లు దాటిన నెలలో, దాటిన యూనిట్లకే కాదు, మొత్తం వాడకానికి బిల్లు వస్తుంది. పైగా 200 దాటగానే ధరల వరుస, అంటే స్లాబు, కూడా మారిపోతుంది. 100 దాటి 200 లోపు అయితే మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ పైన 7 రూపాయల 70 పైసల చొప్పున లెక్క కడతారు. అంటే 200 యూనిట్ల దగ్గర ఆగిన కుటుంబం ఏమీ కట్టనక్కరలేదు, 210 దగ్గర ఆగిన కుటుంబం ఒక్క విద్యుత్ చార్జీ కిందనే 1,097 రూపాయలు కట్టాలి, స్థిర చార్జీలు, సుంకం వేరు. ఆ చివరి పది యూనిట్ల ఖరీదు వెయ్యి దాటిందన్నమాట. బకెట్‌లో వేసి నీళ్లు కాచే 1,500 వాట్ల రాడ్‌ను రోజూ అరగంట వాడితే నెలకు 22 యూనిట్లు అవుతాయి. చలికాలంలో జీరో బిల్లు పోగొట్టుకునే ఇళ్లలో చాలావాటికి కారణం ఆ రాడ్డే అని నా అభిప్రాయం. మా వీధిలో ఒక పెద్దావిడ రీడింగ్ తీసిన రోజున మీటరులోని అంకెను వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసిపెట్టుకుంటారు, పదిహేను రోజులకోసారి మళ్లీ వెళ్లి చూసి, వంద దాటి ఉంటే ఇంట్లో వాళ్లకు చెప్పి జాగ్రత్త పడతారు. ఆవిడకు స్లాబుల లెక్క తెలియదు. గీత ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు.

అసలు కష్టం సబ్‌మీటరు ఉన్న ఇళ్లలో ఉంది. రెండు అంతస్తుల ఇంటిని మూడు నాలుగు పోర్షన్లుగా విడగొట్టి, కరెంటు శాఖ మీటరు ఒక్కటే ఉంచి, లోపల పోర్షన్‌కు ఒకటి చొప్పున సొంత మీటర్లు బిగించే పద్ధతి నగరం నిండా ఉంది. శాఖ దృష్టిలో ఆ ఇంటికి ఉన్నది ఒకే సర్వీసు. అందరి వాడకం కలిసి 200 దాటి పైస్లాబులోకి పోతుంది, యజమాని తనకు తోచిన రేటు కట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తారు, విడిగా మీటరు ఉంటే జీరో బిల్లు వచ్చే కుటుంబం నెలకు వెయ్యి, పన్నెండు వందలు చెల్లిస్తూ ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం రెండేళ్లు ఇలాగే కట్టింది. చేతిలో తెల్ల కార్డు ఉంది, వాడకం నూట ఇరవై దాటదు, అయినా ఉపయోగం లేదు. అందుకని టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినప్పుడు అద్దె ఎంత, నీళ్లు ఎలా వస్తాయి అనే ప్రశ్నలతో పాటు, ‘ఈ పోర్షన్‌కు కరెంటోళ్ల మీటరు వేరుగా ఉందా అండీ, ఒకసారి బిల్లు చూపిస్తారా’ అని అడగాలి. అద్దె ఐదు వందలు ఎక్కువైనా విడి మీటరు ఉన్న పోర్షనే చివరికి చవక పడుతుంది.

యజమానులు వెనుకాడడానికి కారణం కూడా అర్థం చేసుకోదగినదే. అద్దెదారు ఆధార్, కార్డు తమ మీటరుకు జతపడితే రేపు ఇంటి మీద హక్కు అంటారేమోనని వారి భయం. గృహజ్యోతిలో జతపడేది బిల్లు రాయితీ కోసమే, మీటరు పేరు మారదు, ఇంటి పన్ను పుస్తకంలో ఒక అక్షరం కూడా మారదు. ఈ మాట నెమ్మదిగా, బిల్లు చేతిలో పెట్టుకుని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. విడి మీటరు కోసం కూడా అడగవచ్చు. విద్యుత్ చట్టం 2003 ప్రకారం ఇంటి యజమానే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారు కూడా కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆచరణలో మాత్రం యజమాని అంగీకార పత్రం లేకుండా పని జరగదనే అనుకోవాలి.

ఇల్లు మారినప్పుడు సర్వీసు నంబరు కూడా మారుతుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. పాత ఇంటి నంబరుకే కార్డు జతపడి ఉంటే, కొత్త ఇంట్లో మామూలు బిల్లు వస్తుంది. కొత్త నంబరు నమోదుకు మున్సిపల్ సర్కిల్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లాలి. ఆధార్, రేషన్ కార్డు, కొత్త ఇంటి తాజా కరెంటు బిల్లు, వీటి నకళ్లు రెండేసి చొప్పున పట్టుకెళ్లండి. బిల్లు మీద యూఎస్‌సీ అని ఉన్న నంబరే వాళ్లకు కావలసింది, పాత పద్ధతి సర్వీసు నంబరు రాసి ఇస్తే తిప్పి పంపుతారు. పాలమూరు నుంచో నల్గొండ నుంచో వచ్చినవారి కార్డు సాధారణంగా ఊళ్లోనే ఉంటుంది, ఊరి ఇంటి మీటరుకే జతపడి ఉంటుంది. అక్కడ ముసలివాళ్లు ఇద్దరే ఉండి యాభై యూనిట్లు కాలుస్తుంటే, ఇక్కడ నలుగురున్న ఇంటికి ఆ రాయితీ రాదు. ఇక్కడ కాపురం పెట్టినవారు కార్డు విడగొట్టించుకుని కొత్త కార్డుకు మీసేవలో దరఖాస్తు చేసుకోవడమే సరైన దారి. పట్టణాల్లో ఏడాది ఆదాయం 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర మించకూడదన్నది నిబంధన. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉండి కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో అద్దెకు ఉండేవారికి, ఎక్కడి కార్డు అయినా ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకునే వెసులుబాటు ఉంది గాని, ఆ కార్డు మీద తెలంగాణ జీరో బిల్లు రాదు.

నీళ్ల విషయంలో రేషన్ కార్డుతో పని లేదు. జలమండలి 2021 జనవరిలో ప్రారంభించిన పథకం ప్రకారం, గ్రేటర్ పరిధిలోని గృహ కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. కనెక్షన్‌కు ఉండే క్యాన్ నంబరుకు ఆధార్ జతపడి ఉండాలి, మీటరు పనిచేస్తూ ఉండాలి, బస్తీల్లో మాత్రం మీటరు నిబంధన లేదు. అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కు 20,000 లీటర్ల చొప్పున లెక్క కడతారు, అయితే ఆధార్ జత చేయని ఫ్లాట్ల వాటాకు బిల్లు వస్తుంది. ఆ బిల్లును సొసైటీ అందరికీ సమానంగా పంచేస్తే, ఎక్కడో దూరాన ఉన్న ఓనరు చేయని పనికి అద్దెదారు మెయింటెనెన్స్‌లో డబ్బు కడుతున్నట్టే. ఈ సంగతి సొసైటీ సమావేశంలో అడగడానికి అద్దెదారులను పిలవరు, కనుక యజమాని చేతే అడిగించాలి. వేసవిలో ట్యాంకర్ల ఖర్చుకు ఈ పథకంతో సంబంధం లేదు. నీటి ఫిర్యాదులకు 155313, కరెంటు ఫిర్యాదులకు 1912.

గ్యాస్ సంగతి తేలిక. తెల్ల కార్డు ఉన్నవారికి 2024 ఫిబ్రవరి చివరి నుంచి 500 రూపాయలకు సిలిండర్ ఇస్తున్నారు. పూర్తి ధర ముందు కట్టాలి, రాయితీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఎన్ని సిలిండర్లకు ఇవ్వాలన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఇక్కడ ఇంటి యజమానితో ప్రమేయమే లేదు, కనెక్షన్ మీ కుటుంబంలోని వారి పేరున ఉంటే సరిపోతుంది.

ఇక అద్దె దగ్గరికి వస్తే, సాయం చట్టం రూపంలో కొంత ఉంది, డబ్బు రూపంలో మనుషుల దగ్గర ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలకు వర్తించదు. ఇవాళ్టి హైదరాబాద్‌లో ఆ ధరకు గది దొరకడమే గగనం కాబట్టి, ఆ చట్టం చాలామందికి లేనట్టే. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించడానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒప్పందాన్ని సాధారణంగా అందరూ 11 నెలలకు రాసుకుంటారు. అడ్వాన్స్ విషయంలో మనం బెంగళూరు వాళ్ల కన్నా ఎంతో నయం, ఇక్కడ రెండు నెలల అద్దెతో సరిపెడతారు. ఇచ్చిన అడ్వాన్స్‌ను ఒప్పందంలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారో కూడా అప్పుడే రాయించుకోవాలి. గొడవ వస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోను నంబరు 15100. కరెంటు, నీటి బిల్లుల తగాదాలను కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌లో వేసుకోవచ్చు.

డబ్బే కావలసి వస్తే, నేను చూసినంతలో పేదల అద్దె బకాయి తీర్చినవి ముఖ్యంగా రెండు. ఒకటి, మహిళా సంఘం. సంఘంలో సభ్యురాలై, పొదుపు సక్రమంగా కట్టిన వారికి, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ ద్వారా త్వరగా అప్పు దొరుకుతుంది. ఊళ్లో సంఘంలో ఉండి నగరానికి వచ్చాక మానేసినవారు ఇక్కడి బస్తీ సంఘంలో మళ్లీ చేరడం మంచిది, అవసరం వచ్చాక చేరితే పనికి రాదు. రెండోది, పాతబస్తీలో రంజాన్ నెలలో ఇచ్చే జకాత్, అంటే ముస్లింలు పేదలకు విధిగా ఇచ్చే దానం. ఇంటి అద్దె బాకీ పడినవారి జాబితాలు మసీదు కమిటీల దగ్గర ఉంటాయి, కొందరు దాతలు ఆ డబ్బును నేరుగా ఇంటి యజమానికే చేర్చేస్తారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, చేతికి ఇచ్చిన డబ్బు మరో అవసరానికి పోకుండా అద్దెకే చేరుతుంది. పదివేల కోసం ఫోనులో రుణ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. వారం గడువుతో ఇచ్చి, ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసిన సంఘటనలు ఈ నగరంలో పోలీసు కేసుల దాకా వెళ్లాయి. ఆసుపత్రి పని మీద ఊరి నుంచి వచ్చి వారం పది రోజులు ఉండవలసినవారు గది అద్దెకు తీసుకునే ముందు, పెద్ద ప్రభుత్వాసుపత్రుల దగ్గర నగరపాలక సంస్థ నడిపే రాత్రి బస కేంద్రాల గురించి ఆసుపత్రిలోనే అడగాలి.

సొంత ఇంటి పథకాల గురించి ఎక్కువ రాయను. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు సొంత స్థలం ఉన్నవారికే ముందుగా ఇస్తున్నారు, నగరంలో అద్దెకుండేవారిలో చాలామందికి ఆ స్థలమే లేదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కొల్లూరు వంటి చోట్ల లబ్ధిదారులకు కేటాయించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు తక్కువ అద్దెకు దొరుకుతున్నాయని ఎవరైనా చెబితే చేరకండి. ఆ ఇళ్లను అద్దెకు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం, అధికారులు తనిఖీకి వచ్చిన రోజున మీ అడ్వాన్స్‌కు దిక్కుండదు.

సేవా కేంద్రంలో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, మంగళ, శుక్రవారాల్లో ప్రజాభవన్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది. అర్జీలో కష్టాలన్నీ రాయనక్కరలేదు. రేషన్ కార్డు నంబరు, యూఎస్‌సీ నంబరు, ఏ నెల నుంచి జీరో బిల్లు ఆగిందో ఆ నెల పేరు, ఈ మూడూ పై వరుసలోనే కనిపించేలా రాసి, ఆగిన నెల బిల్లు నకలు జతచేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.