పాత ఫ్యాషన్ ఫొటోల్లో గుడ్డ బరువు

1930ల నాటి మంచి ఫ్యాషన్ ఫొటోని పెద్ద సైజులో చూడండి. ముఖం కన్నా ముందు గుడ్డ కంటికి ఆనుతుంది. శాటిన్ గౌను నడుం దగ్గర బిగిసి, మోకాళ్ల కింద జారి, నేల మీద కుప్పగా వాలిన తీరు చూస్తే, చేత్తో ఎత్తితే ఎంత బరువుంటుందో తెలిసిపోతుంది. ఇవాళ్టి ఫొటోల్లో రంగు కచ్చితంగా ఉంటుంది, పోగు పోగూ కనిపిస్తుంది, కానీ ఆ బరువు చాలాసార్లు తెలియదు. పాత ఫొటోల మీద నాకున్న మోజంతా ఈ తేడా వల్లే.

తేడా వెలుతురులో ఉంది. అప్పటి స్టూడియోల్లో ఎక్కువగా వాడింది ముందు లెన్సు బిగించిన పెద్ద బల్బు లైట్లు. చిన్న చోటి నుంచి వచ్చే గట్టి వెలుతురు కాబట్టి నీడ అంచు కత్తితో కోసినట్టు పడేది. ప్రతి మడతకీ ఒక వెలుగు గీత, దాని పక్కనే ఒక చీకటి గాడి. ఇప్పుడు వెలుతురుని మెత్తబరిచే గుడ్డ తెర ఉన్న ఒకటిన్నర మీటర్ల సాఫ్ట్‌బాక్స్‌ని మోడల్‌కి దగ్గరగా తెచ్చి పెడుతున్నాం. వెలుతురు మడత లోపలికి కూడా చుట్టుకుని వెళ్లిపోతుంది. చర్మం బాగుంటుంది, మడత చదునైపోతుంది. అమ్మకానికి పెట్టే బట్టల ఫొటోలకి అదే సరైన పద్ధతి, ఎందుకంటే కొనేవాళ్లకి రంగు తేడా రాకూడదు. కాని ఆ పద్ధతే అన్నిచోట్లా పాకింది.

అలాగని మెత్తటి వెలుతురులో బరువు రాదని కాదు. 1950లో ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ పారిస్‌లో ఒక పాత థియేటర్ తెరని వెనక కట్టి, కేవలం పగటి వెలుతురులో తీసిన ఫొటోలు చూడండి. వెలుతురు మెత్తగానే ఉంటుంది, కాని ఒక వైపు నుంచే వస్తుంది. రెండో వైపు నీడని నీడగానే వదిలేశాడు. మనం చేసే తప్పు ఆ రెండో వైపు కూడా ఇంకో లైటు పెట్టేయడం.

ఏ గుడ్డకైనా ఒకే లైటింగ్ పనికిరాదు. శాటిన్ దాదాపు అద్దం లాంటిది. ఎదురుగా లైటు వేస్తే తెల్లటి అట్టలా కనిపిస్తుంది. లైటుని కెమెరా పక్క నుంచి బాగా జరిపి, దాదాపు 60 డిగ్రీల దగ్గర పెడితే మడతల మీద సన్నటి మెరుపు గీతలు వస్తాయి. గరుకు ఉన్ని గుడ్డ ట్వీడ్‌కి ఇంకా పక్కకి, గుడ్డని గీరుతున్నట్టు పడాలి. అప్పుడే నేత గరుకు కనిపిస్తుంది. వెల్వెట్‌తోనే అసలు తంటా. ముందు నుంచి ఎంత వేసినా మింగేసుకుని నల్లటి మచ్చలా మిగులుతుంది. వెనక పక్క నుంచి ఒక లైటు అంచుకి తగిలేలా వేస్తే నూగు వెలిగి, భుజం, నడుం ఆకారం బయటపడతాయి.

పాత ఫొటోల్లో మోడళ్లు స్తంభానికి ఆనుకునో, కుర్చీ మీద చెయ్యి వేసో ఉండటానికి దర్పం ఒక్కటే కారణం కాదు. ఫిల్ముకి వెలుతురు చాలా కావాలి. 8×10 అంగుళాల ఫిల్ము వాడే పెద్ద కెమెరాలో తల నుంచి పాదం దాకా స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. దాంతో ఎక్స్‌పోజర్ అర సెకను దాకా పోవచ్చు. ఆనుకోకపోతే కదిలిపోతారు. ఆ నిలకడ వల్ల గుడ్డ కూడా ఒక చోట స్థిరపడేది. దీనికి భిన్నంగా 1933లో ఫొటోగ్రాఫర్ మార్టిన్ ముంకాచి సముద్రపు ఒడ్డున మోడల్ లూసిల్ బ్రోకాని పరుగెత్తించి తీశాడు. భుజాల మీంచి వెనక ఎగిరే ఆ కేప్ (వదులు పైవస్త్రం) ఈనాటి కదలిక ఫొటోలన్నిటికీ పెద్దక్క.

ఇంట్లో ప్రయత్నించాలంటే ఒక ఫ్లాష్, దానికి 18 సెంటీమీటర్ల మామూలు రిఫ్లెక్టర్ గిన్నె చాలు. మోడల్‌కి రెండు మీటర్ల దూరంలో, తల కన్నా ఒక మూర ఎత్తున పెట్టండి. ముక్కు నీడ కిందకి పడాలి, పై పెదవిని తాకకూడదు. తాకితే స్టాండు దించండి. వెనక గోడ మోడల్‌కి ఇంకో రెండు మీటర్లు వెనక ఉండాలి. దూరం రెట్టింపైతే గోడ మీద వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, అంటే రెండు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). తెల్లగోడ కూడా బూడిదరంగుకి దిగుతుంది. నల్లటి జుట్టు అందులో కలిసిపోతుంటే గోడకి విడిగా ఒక చిన్న లైటు వేయండి. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే వేగం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి. నిలువెత్తు ఫొటోకి కెమెరా నడుం ఎత్తున, వంచకుండా ఉండాలి. గట్టి వెలుతురులో చర్మం మీద జిడ్డు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి పౌడర్ తప్పదు. వదులుగా ఉన్న గుడ్డని వీపు వైపు లాగి క్లిప్పులు పెట్టండి, కానీ అతిగా లాగితే ముందు అడ్డంగా ముడతలు పడతాయి.

ఆ తర్వాత అందరూ చేసే పని ఎడిటింగ్‌లో గ్రెయిన్, అంటే ఫిల్ము మీది సన్న చుక్కల గరుకు, కలపడం. 1930ల స్టూడియో రూపం కావాలంటే అది వద్దు. 8×10 అంగుళాల నెగెటివ్ వైశాల్యం 35 మిల్లీమీటర్ల ఫ్రేముకి దాదాపు 60 రెట్లు. అంత పెద్ద నెగెటివ్ నుంచి వచ్చిన ప్రింటులో గ్రెయిన్ కంటికి కనపడదు. వెలిసిపోయిన రంగులు, గోధుమరంగు మచ్చలు కాగితం వయసువి, ఫొటో తీసిన పద్ధతివి కావు. 1935లో వచ్చిన కలర్ ఫిల్ము కొడాక్రోమ్ రంగులు చిక్కగా ఉండేవి, నలుపు నల్లగా ఉండేది. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపుని కొద్దిగా తగ్గిస్తే పెదవులు ముదురుగా వస్తాయి. మరీ తగ్గిస్తే చర్మం మీద మచ్చలన్నీ తేలి, ముఖం మాసినట్టవుతుంది.

రీటచింగ్ కొత్తదేమీ కాదు. అప్పట్లో నెగెటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో దిద్దేవారు. ఫొటోగ్రాఫర్ హోర్స్ట్ 1939లో తీసిన ప్రసిద్ధమైన కార్సెట్ (నడుం బిగించే లోదుస్తు) ఫొటోలో వీపుకి ఒక పక్క కార్సెట్ ఒంటికి అంటకుండా కాస్త ఎడంగా ఉంటుంది. పత్రికలో అచ్చయినప్పుడు ఆ సందుని మూసేశారు. నాకు సందు ఉన్నదే ఇష్టం. వీపు ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. ఇప్పుడు నడుం సన్నబడాలని సాఫ్ట్‌వేర్‌లో లోపలికి నెడితే దాంతోపాటు మడతలూ వంగిపోతాయి. కిందకి వేలాడాల్సిన గుడ్డ పక్కకి వంకర తిరుగుతుంది. తప్పెక్కడుందో చూసేవాళ్లు చెప్పలేకపోవచ్చు, ఆ గుడ్డని మాత్రం నమ్మరు. నెట్టాలనిపించిన చోట ఫొటో తీసే ముందే వీపు వైపు ఇంకో క్లిప్పు పెట్టండి.