చేయనిదానికి సారీ

"పోనీ సారీ చెప్పెయ్యి, గొడవ వదిలిపోతుంది" అన్నాను. "చేయనిదానికి ఎందుకు చెప్పాలి?" అని మా అమ్మాయి తలుపేసుకుంది.

స్నేహితురాలి గురించి తను అసహ్యంగా మాట్లాడిందని ముగ్గురు పిల్లలు చెప్పారట. ఇద్దరు తల్లులు నాకు ఫోన్ చేశారు. ముగ్గురూ ఒకే మాట చెప్తున్నారంటే ఏదో ఉండే ఉంటుంది, నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను. అమెరికాలో మేమున్న ఊళ్లో ఉన్నవే నాలుగు తెలుగు కుటుంబాలు. వాళ్లతో చెడితే పండక్కి మా గడప తొక్కేవాళ్లుండరు. అసలు భయం అదే. మా అమ్మాయికి మాత్రం ఆ మాట చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత అన్నం తింటూ, ప్లేటు వైపే చూస్తూ అంది: "అమ్మా, సేలంలో కూడా ఒప్పుకున్నవాళ్లనే వదిలేశారు."

తమిళనాడు సేలం కాదు, మా ఇంటికి గంట దూరంలో ఉన్న మాసాచుసెట్స్ సేలం. ఎనిమిదో క్లాసులో వాళ్లకి దాని మీద ప్రాజెక్టు ఉంది. 1692లో అక్కడ శామ్యూల్ పారిస్ అనే పాస్టర్ ఇంట్లో అతని తొమ్మిదేళ్ల కూతురు, పదకొండేళ్ల మేనకోడలు వింతగా కేకలు పెట్టి మెలికలు తిరిగారు. మంత్రగత్తెల పనే అన్నారు పెద్దలు. మొదట పట్టుకున్నది ఎవరిని? ఆ ఇంట్లో బానిసగా ఉన్న టిటుబాని, బిచ్చమెత్తుకునే సారా గుడ్‌ని, చర్చికి రావడం మానేసిన సారా ఆస్బోర్న్‌ని. అంటే వెనక నిలబడే దిక్కులేనివాళ్లని. సారా గుడ్ కూతురు డొరొథీకి నాలుగైదేళ్లు. ఆ పసిదానికి కూడా సంకెళ్లు వేసి జైల్లో పెట్టారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"ఆమె రూపం వచ్చి నన్ను గిల్లింది" అని పిల్లలు చెప్తే జడ్జీలు దాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు. ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లెవరినీ ఉరి తీయలేదు. చేయలేదన్నవాళ్లలో 19 మందిని ఉరి తీశారు. ఇంకొకరిని రాళ్ల బరువు కింద నలిపి చంపారు. 71 ఏళ్ల రెబెకా నర్స్‌ని జ్యూరీ మొదట నిర్దోషి అంది. జడ్జీలు మళ్లీ ఆలోచించమన్నారు. చెవులు సరిగా వినపడని ఆ పెద్దావిడ ఒక ప్రశ్నకు జవాబివ్వలేదు. దాంతో దోషి అన్నారు.

శనివారం మా అమ్మాయిని సేలంలో ఆ చనిపోయినవాళ్ల స్మారకానికి తీసుకెళ్లాను. గోడలోంచి బయటికి వచ్చిన రాతి బల్లలు ఇరవై ఉన్నాయి. ఒక్కో దాని మీద పేరు, ఎలా చంపారో, ఏ రోజో చెక్కారు. గుమ్మం దగ్గర రాళ్ల మీద "నేను నిర్దోషిని" అన్న వాళ్ల మాటలున్నాయి. కొన్ని వాక్యాలు సగంలో గోడ కిందికి వెళ్లిపోతాయి. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, ఆగిపోయిన చోట చాలాసేపు వేలు పెట్టి ఉంచింది.

నింద వేసిన ఆ సేలం పిల్లల్లో ఒకతైన ఆన్ పట్నమ్ పన్నెండేళ్లప్పుడు ఎంతోమంది మీద వేలు చూపించింది. 1706లో చర్చిలో అందరి ముందూ నిలబడి క్షమాపణ కోరింది. సైతాను తనను మోసం చేశాడని చెప్పుకుంది. ఆ సాకు సంగతి ఎలా ఉన్నా, నిలబడింది కదా.

మా ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకి సారీ చెప్పేవాళ్లు కాదు. జడ వేసి, ఇష్టమైన కూర వండి కోపం పోగొట్టేవాళ్లు. నేను కూడా ముందు పులిహోరే కలిపాను. ఆ బల్ల దగ్గర మాత్రం నోరు తెరిచి, "వాళ్ల మాట నమ్మి నీ మాట నమ్మలేదు. తప్పు నాది" అన్నాను. అది తలూపింది, అంతే. ఆ ఇద్దరు తల్లులకి నేనింకా ఫోన్ చేయలేదు. చేస్తానో లేదో కూడా తెలియదు.

అక్కడే ఇంకోటి చెప్పాను. మెదక్ దగ్గర మా ఊళ్లో చివరింట్లో ఒంటరిగా ఒక ముసలమ్మ ఉండేది. బాణామతి చేస్తుందనేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఎవరైనా చూశారా అని నాయనమ్మ అడిగితే, "ఆ ముసలమ్మ చూసింది" అన్నాను. ఆమె నా వైపు చూసిందో లేదో నాకే తెలియదు. అడిగినందుకు ఏదో చెప్పాలనిపించింది. తర్వాత ఆమెకి ఎవరూ నీళ్లు తోడనివ్వలేదు. కొన్నాళ్లకి ఊరు వదిలి వెళ్లిపోయింది.

"ఆమె పేరేంటి?" అని అడిగింది మా అమ్మాయి.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చివరింటి ముసలమ్మ అనే అనేవాళ్లం. ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి మా అమ్మని అడిగాను. అమ్మకి కూడా తెలియదట.