మెట్ల అంచులు

ఆదివారం రాత్రి. పదకొండు కావస్తోంది. వేలికొసలకు సన్నటి లోహపు రజను పట్టుకుని ఉంది. రెండుసార్లు సబ్బుతో కడిగినా వదలలేదు.

ఉదయం లేచేసరికి కొత్త గిటారు వచ్చిన అట్టపెట్టె హాల్లో, వారం నుంచి ఉన్న చోటే ఉంది. నచ్చకపోతే ఏడు రోజుల్లో తిరిగి పంపవచ్చన్నారు కాబట్టి దాన్ని అటకెక్కించడానికి నేను ఒప్పుకోలేదు. గడువు రేపటితో సరి. రోజూ ఆ పెట్టెను దాటుకుంటూ వంటింట్లోకి వెళ్తున్న మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఉంచుకుంటారా, పంపించేస్తారా? ఏదో ఒకటి తేల్చండి, నాకు ఇల్లు దులుపుకునే పని ఉంది" అంది. తేల్చడం నాకు చేతనైన పని అయితే ఇరవై ఏడేళ్లు బ్యాంకులో కౌంటరు వెనుకే కూర్చునేవాడినా?

కొన్నది లోతైన స్వరాలు పలికే నాలుగు తీగల బేస్ గిటారు. 17,800 రూపాయలు. ఏ కంపెనీదో రాసుకోవడం అనవసరం. ఇలాంటివి చేసే కంపెనీలు బోలెడు. అన్నీ చూసి దిద్దింది ఒకే ఒరవడిని: 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్. అమెరికాలో తయారైన అసలుది ఇక్కడ కొనాలంటే లక్షన్నరకు పైమాటే. మా ఆవిడకు ఆ అంకె చెప్పి, ఎంత ఆదా చేశానో వివరించబోయాను. ఆవిడ వినలేదు.

నా గిటారు ఒళ్లంతా అసలుదానిలాగే ఉంటుంది, తల ఒక్కటే వేరు. దాని వెనుక ఒక తగవు ఉంది. గిటారు ఒంటి ఆకారాన్ని తమ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవాలని ఫెండర్ కంపెనీ ప్రయత్నిస్తే తోటి తయారీదారులు అడ్డుపడ్డారు. అమెరికాలో ఆ వివాదాలు విచారించే బోర్డు 2009లో కంపెనీ దరఖాస్తులను తోసిపుచ్చింది. ఏళ్ల తరబడి ఊరంతా చేస్తున్న ఆకారం ఇప్పుడు ఒక్కరి గుర్తు ఎలా అవుతుందన్నది అందులోని సారం. తల ఆకారం మాత్రం కంపెనీకే దక్కింది. అందువల్ల నా గిటారుకు అచ్చం ప్రెసిషన్ ఒళ్లు, దాని పైన దిష్టి తగలకుండా పెట్టినట్టు ఒక బాతుముక్కు తల.

చదువుకునే రోజుల్లో ఇక్కడే విశాఖలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు. గిటారు నాది కాదు, ఆర్కెస్ట్రాది. దాని నెక్, అంటే వేళ్లు ఆడే పొడవాటి కర్ర, విల్లులా వంగిపోయి, పన్నెండో మెట్టు దగ్గర (మెట్లంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లు) తీగ కింద పెన్సిలు దూరేది. ఇళయరాజా గారు బేస్ గిటారును తాళం వేసుకుంటూ ఓ మూల కూర్చోనివ్వరు, పాట కింద ఇంకో పాట పాడిస్తారు. ఆయన పాటలు మూడు వరసగా పడితే నా ఎడమచేతి వేళ్లు బొబ్బలెక్కేవి. ఉద్యోగం వచ్చింది, ఆర్కెస్ట్రా పోయింది, బొబ్బలూ పోయాయి. మళ్లీ ఈ వయసులో ఎందుకు కొన్నానని ఎవరైనా అడిగితే చెప్పడానికి మంచి జవాబు లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఫ్రెట్లను నేను మెట్లనే అంటాను. అమ్మ దగ్గర బొబ్బిలి వీణ ఉండేది, ఆ మాట అక్కడి నుంచి అంటుకుంది. ఒకే పనస దుంగను తొలిచి, కుండ నుంచి దండి దాకా అతుకు లేకుండా తీసిన వీణ అది. మెట్లు మైనంలో కూర్చి ఉండేవి. ఎండాకాలం మైనం మెత్తబడి శ్రుతి కదిలితే అమ్మ చికాకు పడేది. ఫెండర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. ఆయన రేడియోలు బాగుచేసిన మనిషి, గిటారు వాయించడం రాదు. చదునైన చెక్క కోశాడు, నెక్ విడిగా చేసి నాలుగు మరలతో బిగించాడు, తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్ ఒకటి వాటి కింద పెట్టాడు. అంతకుముందు వాడిన, మెట్లు లేని నిలువెత్తు బేస్‌ను మోయలేక, బ్యాండు హోరులో అది వినపడక అవస్థ పడుతున్న వాద్యగాళ్లకు అది చాలు. మెట్లున్నాయి కనుక స్వరం గురి తప్పదు, ప్రెసిషన్ అన్న పేరు అందుకే. అంటే ఈ గిటారు పుట్టడమే కర్మాగారంలో తేలికగా పదే పదే చేయడానికి వీలుగా పుట్టింది. ఏకాండీ వీణకు నకలు తీయడం కష్టం. దీనికి నకలు తీయలేకపోతేనే సిగ్గుపడాలి. మరి ఎనిమిదో వంతు ధరకు వచ్చిన దానిలో లోపించినది ఏమిటి? వారం నుంచి నాకు అర్థం కానిది ఇదే.

చెక్క దగ్గర మొదలుపెట్టాను. నెక్ మేపుల్. దాని మీద వేళ్లు ఆడే పలక ఇండియన్ లారెల్ అని కాగితంలో రాశారు. ఏదో విదేశీ వృక్షం కాబోలనుకుని వెతికితే, అది మన నల్లమద్ది! తూర్పు కనుమల్లో ఎక్కడబడితే అక్కడ కనిపించే, మొసలి చర్మం లాంటి బెరడున్న చెట్టు. ఇదివరకు ఈ పలకలకు రోజ్‌వుడ్ వాడేవారు. 2017లో ఆ జాతి మొత్తం మీద అంతర్జాతీయ వ్యాపార నిబంధనలు బిగిశాయి. ప్రతి సరుకుకూ అనుమతి పత్రాలు కావలసి వచ్చేసరికి, చవక గిటార్లు చేసేవాళ్లు వేరే చెక్కలు చూసుకున్నారు. తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చినా నల్లమద్ది నిలబడిపోయింది. చూపుకు కాస్త పేలవంగా, ఎండినట్టు ఉంది. కొబ్బరినూనె రాద్దామనుకుని, తిరిగి పంపాల్సి వస్తుందేమోనని ఆగిపోయాను. మంచిదే అయింది. కొబ్బరినూనె రాయకూడదని తరువాత తెలిసింది, కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుందట.

వారం రోజుల్లో మూడు ఫిర్యాదులు పోగయ్యాయి. మెట్ల అంచులు పలక పక్కన కోసుకుపోయేలా ఉన్నాయి, చెయ్యి కిందికీ పైకీ జారిస్తే బ్లేడు తగిలినట్టు. లావు తీగ మొదటి మెట్టు మీద నొక్కితే స్వరం కాస్త పైకి పోతోంది. చేతులు తీగల మీద నుంచి తీయగానే ఆంప్లిఫయరులో జుయ్‌మంటోంది. మొదటిది భరించవచ్చు, రెండోది సర్దుకోవచ్చు, ఈ జుయ్ మాత్రం వద్దనుకున్నాను. నిన్న రాత్రికి నా మనసులో పెట్టె తిరుగు ప్రయాణం దాదాపు ఖాయమైంది.

ఈ ఉదయం గిటారును వీపున తగిలించుకుని స్కూటరు మీద సీతమ్మధార వెళ్లాను, మా మాస్టారింటికి. ఆర్కెస్ట్రా రోజుల్లో నాకు బేస్ నేర్పిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన దగ్గర అసలు ప్రెసిషన్ ఉంది. ఓడల్లో పనిచేసిన తమ్ముడు తెచ్చి ఇచ్చినది, 1978 నాటిది. తలుపు తీస్తూనే నా వీపు మీది సంచి చూసి, "ఎంతకు కొన్నావు?" అన్నారు. చెప్పాను. "స్కూటరు సర్వీసింగుకు కూడా రాదు కదయ్యా ఈ రోజుల్లో" అన్నారు. అతిశయోక్తే, కానీ ధైర్యం వచ్చింది.

ముందు జుయ్ సంగతి. ఆయన ఆంప్లిఫయరుకు తగిలించాం. చేతులు తీశాను. నిశ్శబ్దం! మాస్టారు నవ్వి, "మీ ఇంట్లో ఎర్తింగు చూపించుకో, గిటారును కాదు" అన్నారు. ప్రెసిషన్ పికప్ 1957 నుంచి రెండు ముక్కలుగా ఉంటుంది. రెండు తీగలకు ఒక ముక్క, మిగతా రెంటికి ఇంకొకటి. రెండింటి చుట్టూ తీగ ఎదురెదురుగా చుట్టడం వల్ల బయటి నుంచి వచ్చే గుయ్‌మనే ధ్వని ఒకదానిలోది ఇంకొకదానిలో కొట్టుకుపోతుంది. నా చవక గిటారులోనూ ఆ ఏర్పాటు చక్కగా పనిచేస్తోంది. ఎర్తింగు లేని గోడ ప్లగ్గు తప్పును వారం రోజులు దాని మీద రుద్దాను.

మా ఇంట్లో అరచేతి వెడల్పు స్పీకరున్న చిన్న పెట్టె మీద పరీక్షించడం కూడా తెలివితక్కువే. లావు తీగను ఊరికే మీటితే సెకనుకు 41 కంపనాలు. ఆ లోతు చిన్న స్పీకరు పలకదు, అందులో వినేది మనం ఊహించుకునేదే. మాస్టారి పదిహేను అంగుళాల స్పీకరు ముందు మొదటి స్వరం పలికినప్పుడు గూట్లోని స్టీలు గ్లాసులు కదిలాయి. అమ్మగారు వంటింట్లోంచి తొంగిచూసి వెళ్లారు.

తరువాత ఆయన నన్ను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఒకే వరుసను రెండింటి మీద మార్చి మార్చి ఆరుసార్లు వాయించారు. ఏది ఏదో చెప్పాలి. ఆరింటికి ఆరూ సరిగ్గా చెప్పి, గర్వంగా ఇటు తిరిగాను. ఆయనది గుండ్రంగా, ముద్దగా, చెక్క మీద పిడికిలితో కొట్టినట్టు. నాది మొరటుగా, కంచు అంచుతో. "చూశారా, లక్షన్నరకూ పదిహేడు వేలకూ ఆ మాత్రం తేడా ఉంటుంది" అన్నాను, నా గిటారును నేనే ఓడించి సంబరపడుతూ.

"అది గిటారు తేడా కాదు, తీగల తేడా" అన్నారాయన.

ఆయన తీగలు నున్నగా చదును చుట్టుతో ఉండే రకం, వేసి పదకొండేళ్లయిందట. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద అలాంటి తీగలే వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు, ఒకే చూపుడు వేలితో మీటేవాడు. మాస్టారి భక్తి అంతా అక్కడ. నావి కొత్తవి, గరుకు చుట్టువి. పాత నున్న తీగను కొత్త గరుకు తీగతో పోల్చి చెక్కకు మార్కులు వేశానన్నమాట. ఆయన తన గిటారు టోన్ గుండీ పూర్తిగా తెరిచి, నాది సగానికి దించి, మళ్లీ ఆరుసార్లు వాయించారు. ఈసారి నాకు మూడే సరిపోయాయి. బొమ్మాబొరుసూ వేసినా అన్నే వస్తాయి. పాత పాట ఒకటి ఫోనులో పెట్టి దాని వెంట వాయించినప్పుడు ఆ మాత్రం కూడా పట్టుకోలేకపోయాను.

అలాగని రెండూ ఒకటేనని నేను రాయను. ఆయన గిటారును ఒళ్లో పెట్టుకున్న క్షణంలో తెలిసింది తేడా. ఎడమచెయ్యి నెక్ మీద నూనె రాసినట్టు జారింది. ప్రతి మెట్టు అంచూ గుండ్రంగా, చింతగింజలా ఉంది. గుండీ తిప్పితే ధ్వని కొద్దికొద్దిగా మారుతుంది. నాది చివరి పావు తిప్పులో ఒక్కసారిగా మారుతుంది. పికప్‌లోనూ తేడా ఉంది. ఆయనదానిలో తీగల కింద ఉండే కడ్డీలే అల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలు. నాదానిలో మామూలు ఇనుప మొలలు, వాటి అడుగున సెరామిక్ బిళ్ల. గట్టిగా మీటినప్పుడు నాది ముందే అరుస్తుంది. మెల్లగా వాయించేవాడికి అది తగలదు. నేను గట్టిగా వాయిస్తాను, అది వేరే సంగతి.

బరువులో మాత్రం నేనే గెలిచాను. ఆయనది 4.6 కిలోలు, నాది 3.9. "నా నడుము నొప్పి ధర కూడా కలుపుకో" అన్నారు మాస్టారు.

తరువాత గంటసేపు ఆయన బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ గంట నాకు వారం కన్నా ఎక్కువ చెప్పింది. తీగను మొదటి మెట్టు మీదా ఆఖరి మెట్టు మీదా ఒకేసారి నొక్కి, నడుమ ఏడో మెట్టు దగ్గర సందు చూపించారు. మందపాటి అట్ట దూరుతోంది, విజిటింగ్ కార్డు దూరితే చాలునట. నెక్ లోపలి ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు తిప్పు బిగించి, "ఇంకో పావు రేపు. కర్రకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి" అన్నారు. ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర వాటిని దించాం. పన్నెండో మెట్టు దగ్గర మూడు మిల్లీమీటర్ల ఎత్తు రెండుంపావుకు వచ్చింది. తల దగ్గర తీగ కూర్చునే ప్లాస్టిక్ గాడి లోతు చాలడం లేదు, అందుకే మొదటి మెట్టు మీద స్వరం పైకి పోతోంది. ఆయన చిన్న ఆకురాయి తీసి రెండు రాపిడులు రాసి, తీగ పెట్టి చూసి, మళ్లీ ఒక రాపిడి రాసి ఆపారు. నేను అడ్డు చెప్పనే లేదు. గడువు, తిరిగి పంపడం, అసలు గుర్తుకే రాలేదు.

దారిలో గుర్తొచ్చింది. మద్దిలపాలెం సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు. గాడి అరగదీసిన గిటారును ఎవరు వెనక్కు తీసుకుంటారు?

అయినా బాధ కలగలేదు. ఆ ధరలో వాళ్లు తగ్గించినది చెక్క కాదు, నమూనా కాదు, మనిషి సమయం. చివర్లో ఎవరో ఒకరు కూర్చుని నలభై అంచులు నున్నగా తీయాలి, నాలుగు గాడులు చూసుకోవాలి. ఆ గంటల కూలి పదిహేడు వేలలో లేదు. ఆదివారాలు నా దగ్గర ఉన్నాయి.

మాస్టారు ఆకురాయి ఇచ్చి పంపారు. సాయంత్రం పలక మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య కాగితపు టేపు అంటించాను, దానికే ముప్పావు గంట పట్టింది. ఆకురాయిని ఏటవాలుగా పట్టుకుని ఒక్కో అంచూ రాశాను, తరువాత సన్నటి గరుకు కాగితం. మొదటి మెట్టు దగ్గర చెయ్యి వణికి టేపు చిరిగి నల్లమద్ది మీద చిన్న గీత పడింది. అయిదో మెట్టుకు లయ కుదిరింది. పన్నెండో మెట్టు వరకు అయ్యేసరికి, పక్కింటి వాళ్లు ఏమనుకుంటారో ఆ గరగరకు అని మా ఆవిడ అంది, ఆపాను. మిగిలిన ఎనిమిది మెట్లూ రేపు బ్యాంకు నుంచి వచ్చాక. కడ్డీ బిగించే రెండో పావు తిప్పు కూడా రేపే. మూడో తీగ మీద ఏడో మెట్టు దగ్గర ఇంకా కొంచెం గిర్రుమంటోంది, అది దాంతో పోతుందో లేదో.

చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చి చూస్తే పెట్టె లేదు. అటక మీద, పాత కూలరు పక్కన నిలబెట్టి ఉంది. ఎప్పుడు ఎక్కించిందో తెలియదు.