చవక చమురు మనకెప్పుడు వచ్చింది?

నిన్న రణస్థలం బంకులో పెట్రోలు కొట్టించుకుంటూ మీటరు చూస్తే ఒళ్లు మండింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చమురు డిస్కౌంటులో కొంటున్నామని, ఎవరి మాటా వినమని ఎంత గొప్పగా చెప్పుకున్నాం! అంతకుముందు దిగుమతుల్లో రెండు శాతం దగ్గరున్న రష్యా వాటా మూడో వంతు దాటింది కదా, మరి ఆ చవక నా బండి ట్యాంకు దాకా ఎందుకు రాలేదు? (2024 ఎన్నికల ముందు లీటరుకి రెండు రూపాయలు తగ్గించారు లెండి.)

దెబ్బ మాత్రం వచ్చింది. 2025 ఆగస్టులో ఆ చమురు సాకుతోనే ట్రంప్ మన సరుకుల మీద ఇంకో 25 శాతం వేసి సుంకాన్ని 50 చేశాడు. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికాయే. చెరువులేసిన మా చిన్నాన్న అప్పట్లో ఫోనెత్తితే ఒకటే గొణుగుడు.

ఇక మా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం సంగతి. గుజరాత్‌లో మిఠీ విర్ది జనం వద్దన్న ఆరు రియాక్టర్లని, అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్‌వి, మా తీరానికి తోశారు. 2016 జూన్‌లో మోదీ వాషింగ్టన్ వెళ్లి ఒబామాతో కలిసి ప్రకటన కూడా చేశారు. పది నెలలు తిరక్కుండానే, 2017 మార్చిలో, ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది! మా అమ్మ పావుకిలో వంకాయలు కొన్నా పుచ్చులున్నాయేమో తిప్పి చూస్తుంది. జనం భూములిచ్చి కూర్చున్నారు, ఒక్క రియాక్టరూ లేవలేదు. థర్మల్ ప్లాంట్ల గొడవలో 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పులు చూసిన జిల్లా ఇది. అయినా నోరెత్తితే అభివృద్ధికి అడ్డమంటారు.