అల చిన్నది, బోర్డు కొత్తది
ఎట్టకేలకు సొంత సర్ఫ్‌బోర్డు కొన్నాను. ఫిష్ అనే రకం! శాన్ డియాగోలో ఉంటూ ఇంకేం కొంటాను? ఆ ఆకారం పుట్టిందే ఇక్కడ. 1960ల చివర్లో స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని అలలెక్కడానికి చేసుకున్నాడు. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. తోక రెండుగా చీలి, కింద చేప రెక్కల్లాంటి రెండు ఫిన్లు.

అద్దెకు తెచ్చి చూసినవాటిలో మూడు ఫిన్ల షార్ట్‌బోర్డు నిటారు అలల మీద చురుకే కానీ, ఇక్కడి టూర్మలీన్ బీచ్‌లోని మెత్తటి అలలకు ఉలకదు, పలకదు. తొమ్మిదడుగుల లాంగ్‌బోర్డుకు అల అందుకోవడంలో సాటి లేదు, తిప్పాలంటే మాత్రం బతిమాలుకోవాలి. ఫిష్ అలా కాదు. నీరసపు అల మీదా వేగం వదలదు. మలుపు మరీ గట్టిగా తీస్తే తోక జారుతుంది. నిజం చెప్పాలంటే, నాకు నచ్చిందే ఆ జారుడు.

దుకాణంలో బోర్డు ఘనపరిమాణాన్ని లీటర్లలో లెక్కేస్తారు. నా బరువుకు 35 చాలన్నాడు అమ్మే అతను. నేను 40 తీసుకున్నాను. వారాంతంలో మాత్రమే నీళ్లలోకి దిగేవాడికి కాస్త ఎక్కువ తేలే బోర్డు విలాసమేమీ కాదు.

కాలు జారకుండా బోర్డుకు మైనం రాస్తుంటే మా ఆవిడ ధర అడిగింది. ఫిన్లు విడిగా కొన్న సంగతి ఇంకా చెప్పలేదు.