ఆకాశం చుక్క, ముగ్గు చుక్క

మాది నల్లగొండలో చిన్న కిరాణా దుకాణం. ఇరవై రెండేళ్లుగా గల్ల మీద కూర్చుంటున్నాను. ఎన్ని రూపాయి బిల్లలు నా చేతుల మీదుగా పోయాయో లెక్కే లేదు. ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదని ఈ ఎండాకాలం మా మేనకోడలు తేల్చింది.

పాలమూరు, అదే మహబూబ్‌నగర్ నుంచి సెలవులకు వచ్చింది. పదేళ్లు. ఫోన్ ఇవ్వకపోతే అలుగుతుందని రెండో రోజు చిల్లర డబ్బా ముందు పెట్టి, "రూపాయిలు ఒక దిక్కు, రెండ్రూపాయలు ఒక దిక్కు ఏరు" అన్నాను. కాసేపటికి వచ్చింది.

"మామా, సంవత్సరం కింద చుక్క ఎందుకుంటది?"

"ఏ చుక్క? ఆకాశంలదా, ముగ్గులదా?"

నవ్వులాటకే అన్నాను. తీరా చూస్తే రెండూ ఉన్నాయి. ఒక రూపాయి మీద అయిదు మొనల నక్షత్రం, ఇంకోదాని మీద గుండ్రటి చుక్క. మూడోదాని మీద చిన్న డైమండ్. నాలుగోదాని కింద ఏమీ లేదు. రాత్రి ఇద్దరం కూర్చొని వెతికితే తెలిసింది. ఆ గుర్తు బిల్ల ఎక్కడ తయారైందో చెబుతుంది. నక్షత్రం మన హైదరాబాద్‌ది. బిల్లలు తయారుచేసే టంకశాల ఒకప్పుడు సైఫాబాద్‌లో ఉండేది, ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. డైమండ్ ముంబైది, ముగ్గు చుక్క నోయిడాది. ఏమీ లేకపోతే కలకత్తా.

ఇక అక్కడి నుంచి దానికి పిచ్చి పట్టింది. తను పుట్టింది 2015లో. ఆ సంవత్సరం రూపాయి నాలుగు టంకశాలలదీ కావాలంది. సరే అన్నాను గానీ ఒక షరతు పెట్టాను. గల్లలోంచి బిల్ల తీస్తే అంతే విలువ వెంటనే తిరిగి వేయాలి. పొద్దున పూట గల్లలో లక్ష్మిని ఊరికే తీయనివ్వను, మా నాయిన పెట్టిన అలవాటు. దానికి యాభై రూపాయల చిల్లర ఇచ్చాను, అదే పెట్టుబడి. రూపాయి తీస్తే రూపాయి వేసేది. వారానికి దాని యాభై యాభైగానే ఉంది, కాకపోతే అన్నీ వేరే బిల్లలు.

పాత స్పీకర్‌లోంచి ఊడిన అయస్కాంతం ఒకటి దొరికితే దాంతో ఇంకో ఆట మొదలుపెట్టింది. ఇప్పటి స్టీలు రూపాయి టక్కున అతుక్కుంటుంది. పాత పదకొండు మూలల రెండ్రూపాయలు మాత్రం కదలదు, అది రాగీ నికెలూ కలిపి చేసింది. ఆ మూలలు పదకొండని కూడా అదే లెక్కబెట్టి చెప్పింది. నేను ఇన్నాళ్లూ ఎనిమిదో పదో అనుకున్నాను.

దానికి అసలు పంట పండింది పది రూపాయల బిల్లల దగ్గర. నా దగ్గర వాటికి వేరే డబ్బా ఉంది, కడుపు మంట డబ్బా. చిల్లరగా ఇస్తే ఎవరూ తీసుకోరు. "ఇది చెల్లదు సేటూ" అంటారు. 14 రకాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది, కానీ బజారులో ఎవరు వింటారు? నేను తీసుకుంటాను, ఇంకొకరికి ఇవ్వలేను. ఆ డబ్బా బోర్లించి పిల్ల ఎగిరి గంతేసింది. యోగా దినోత్సవం బిల్ల, అంబేడ్కర్ 125వ జయంతి బిల్ల, గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చి నూరేళ్లయిన బిల్ల. మూడూ 2015వే.

దాచడానికి ఆల్బం కొందామని ధర చూశాను. మా అమ్మ వెంటనే అంది: "చారానా కోడికి బారానా మసాలా." పిల్లకి చారానా అంటే ఏంటో తెలియదు. 2011 జూన్ తర్వాత పావలా చెల్లకుండా పోయింది, ఇది పుట్టింది ఆ తర్వాత. చారానా, ఆఠానా, బారానా, రూపాయికి పదహారు అణాలు అని అమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క చెప్పింది. ఆల్బం బదులు డ్రాయింగ్ పుస్తకం తెచ్చి, తెల్ల కాగితంతో చిన్న పొట్లాలు కట్టి అతికించాం. పొట్లం కట్టడం నా విద్యే కదా.

ఆ ఊపులో అమ్మ తన తగరపు డబ్బా కూడా దింపింది. అందులో నడుమ బొక్క ఉన్న 1944 పైస, ఒక నిజాం వెండి రూపాయి ఉన్నాయి. మనవరాలికి మెరిసేలా ఇద్దామని మర్నాడు పొద్దున్నే బొక్క పైసను చింతపండూ ఉప్పూ వేసి బిందె తోమినట్టు తోమింది. ముదురు గోధుమ రంగు పైస కాస్తా గులాబీ రంగుకు తిరిగింది. ఎనభై ఏళ్ల రంగు పోతే మళ్లీ రాదు, సేకరించేవాళ్లు తోమిన బిల్లను ముట్టుకోరు. అమ్మకు ఈ సంగతి నేను చెప్పలేదు. వెండి రూపాయిని మాత్రం తీసి నా జేబులో పెట్టుకున్నాను.

దాని మీద చార్మినార్ ఉంది. అంకెలు ఉర్దూవి కాబట్టి పక్క దుకాణం టైలర్ చాచా దగ్గరికి పోయాం. అద్దాలు సర్దుకొని "పదమూడు వందల ముప్పై ఏడు" అన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. "చార్మినార్ కట్టిందే 1591ల కదా చాచా, అంతకుముందే బిల్ల మీదికి ఎట్లొచ్చింది?" చాచా నవ్వి నవ్వి, అది హిజ్రీ లెక్క, ముస్లింల సంవత్సరం బేటా అన్నాడు. మన లెక్కలో 1918–19. చార్మినార్ గుమ్మంలో గోరంత అక్షరం ఉంటే చూపించాడు. 'అయిన్', ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలం బిల్లల మీద అదే చోట 'మీమ్' ఉండేదట. "మీ ఊరికి ఆయన పేరే" అంటే, మహబూబ్‌నగర్ పిల్ల మొహం చూడాలి.

ఇంతలో పక్కింటి కుర్రాడొచ్చి, వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిల్లకు లక్షలిస్తారని వీడియో చూపించాడు. ముందు ఫీజు కట్టమంటారు, కట్టాక మాయం. ఇలాంటివి నమ్మొద్దని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. పిల్ల మాత్రం "బిల్లలు అమ్మను నేను" అని ఒక్క మాటలో తేల్చేసింది.

ఇప్పుడు ఊరికెళ్లిపోయింది. నక్షత్రం, డైమండ్, ముగ్గు చుక్క దొరికాయి, కలకత్తా ఒక్కటే బాకీ. రోజూ సాయంత్రం ఫోన్: "మామా, గల్ల చూసినవా?" చూడ్డానికి బిల్లలేవి, అందరూ స్కానర్‌కే కొడుతున్నారు. నిన్న మాత్రం పాల పాకెట్‌కు వచ్చినావిడ ఒక రూపాయి ఇచ్చింది. 2015. కింద ఏమీ కనపడలేదు. కలకత్తాదై లేదో, అరిగిపోయి లేదో నా కళ్లకు అందలేదు. గల్లలో నా రూపాయి వేసి, దాన్ని పొట్లం కట్టి పెట్టాను. దసరాకు వచ్చి అదే చూసుకుంటుంది.